నిద్రపోని వ్రాయసకాడు

శ్రోతలారా,

ఈ సాయంకాలమున మీతో ముచ్చటింపదలచిన విషయము ప్రతి వ్రాయుటను గూర్చినది. ఒక వ్రాతకు రెండవ వ్రాత తీసి దాచుట యెంత ప్రాతపనియో గ్రామపెద్దలైన మీకు వేఱుగ జెప్పనక్కఱలేదు. మీలో పెక్కుర యిండ్లలో దస్తావేజుల పెట్టె యుండును. పెట్టెలో అసలును, వేఱొకచోట నకలును ఉండును. ఆ ప్రాతపనియే నేడు కంప్యూటరు యంత్రముల నడుమ ఎట్లు సాగుచున్నదో, అది మనుష్యుని చేతినుండి గడియారము చేతికెట్లు పోయెనో చెప్పుట నా యుద్దేశము. నేను యంత్రవిద్య చదివినవాడను గాను. తెలుగు బోధించి విరమించిన బడిపంతులను. అయినను ఈ విషయము నన్నేల పట్టినదో మొదట మనవి చేసెదను.

నా నివాసము హైదరాబాదులోని మలక్‌పేట. మూసీనదికి దక్షిణపు గట్టున నున్న పేట యిది. కొన్ని యేండ్ల క్రిందట ఒక పత్రము కొఱకు మా ప్రాంతమున నొక కార్యాలయమునకు బోయితిని. వరుసలో నా ముందొక వృద్ధుడు నిలిచియుండెను. నల్లగొండ జిల్లానుండి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చినవాడు. మనుమరాలు మా పేటలో చదివినది. ఆమె చదువు పత్రము ఆయనకు గావలెను. కిటికీ యావలి గుమాస్తా "నెట్‌వర్కు లేదు, రేపు రండి" అనెను. వృద్ధుడు నా వైపు తిరిగి, "మూడోసారి అస్తున్న సారూ, గడువు ఎల్లుండితోని అయిపోతది" అనెను. ఎల్లుండియు పని కాలేదు. ఆ బాలికకు ఆ యేడు ఆ కళాశాలలో చోటు తప్పిపోయెనని తరువాత ఆయనయే నాకు ఫోనులో చెప్పెను. ఆ మాట నా మనస్సును విడువలేదు.

తరువాత కొంతకాలమునకు ఆ కార్యాలయమున నెట్‌వర్కు పని చూచుటకు నా పూర్వశిష్యుడొకడు నియుక్తుడయ్యెను. పండుగకు మా యింటికి వచ్చినప్పుడు, "నాయనా, ఆ నాలుగు దినములు అక్కడ ఏమైనది?" అని యడిగితిని. "సార్, కరెంటు హెచ్చుతగ్గులకు ఒక రౌటరు కాలిపోయింది. కొత్తది రెండు గంటల్లో వచ్చింది. అందులో ఏమి రాయాలో తెలియక నాలుగు రోజులు పట్టింది" అని వాడు చెప్పెను. "నకలు లేదా?" అంటిని. "ఉంది సార్. పద్నాలుగు నెలల కిందటిది" అనెను.

ఈ మాట తేటపడవలెనన్న రౌటరు అనగా నేమో కొంచెము చెప్పవలెను. ఒక కార్యాలయములోని కంప్యూటర్లు బయటి కంప్యూటర్లతో మాటలాడవలెనన్న నడుమ రౌటరు, స్విచ్చి అను పెట్టెలుండును. తపాలా కార్యాలయమున ఉత్తరములను ఊళ్ళవారీగ విడదీసి ఏ సంచిలో ఏది వేయవలెనో నిర్ణయించువాని పని వంటిది రౌటరు పని. ఏ యుత్తరము ఏ దారిని పోవలెను, ఎవరిని లోనికి రానీయవలెను, ఎవరిని వారింపవలెను అను కట్టుబాట్లన్నియు ఆ పెట్టెలో పంక్తులు పంక్తులుగా వ్రాయబడి యుండును. ఈ వ్రాతకే కాన్ఫిగరేషను అని పేరు. పెట్టె అంగడిలో దొరకును. ఈ వ్రాత దొరకదు. అది ఏండ్ల తరబడి ఒక్కొక్క యవసరమునకు ఒక్కొక్క పంక్తిగా పెరిగినది.

ఇంకొక విశేషము గలదు. సిస్కో మొదలగు కంపెనీల పెట్టెలు పెక్కింటిలో ఈ వ్రాత రెండు తావులలో నుండును. ఒకటి పని జరుగుచున్నప్పటి పాఠము. కరెంటు పోయిన నది మాసిపోవును. రెండవది పెట్టె మేల్కొనునప్పుడు చదువుకొను పాఠము. కరెంటు పోయినను అది నిలుచును. నాకిది కంఠస్థ పాఠమును, తాళపత్ర పాఠమును జ్ఞప్తికి తెచ్చినది. పనివాడు కంఠస్థ పాఠమును మార్చి, పత్రమున నెక్కింప మఱచిపోవచ్చును. పెట్టె చక్కగా పనిచేయుచునే యుండును. కరెంటు పోయిననాడు గాని మఱపు బయటపడదు. పెట్టెయే కాలిపోయినచో రెండు పాఠములును పోవును. అందుచేత మూడవ ప్రతి బయట నుండవలెను.

ఈ యవసరము మన పూర్వులకు క్రొత్తది కాదు. నా చదువు దినములలో గురువుగారు నాచేత శిథిలమైన తాళపత్ర గ్రంథమునకు ప్రతి వ్రాయించిరి. ఆకు చెదలకు, పురుగుకు, తేమకు లోనగును గనుక గ్రంథము నిలువవలెనన్న తరతరమునను మరల వ్రాయవలసినదే. వ్రాయసకాడు గ్రంథాంతమున సంవత్సరమును, మాసమును, తిథిని తప్పక వ్రాసి, పొరపాట్లకు క్షమాపణ వేడుకొనెడివాడు. ఆ తేదీ లేకున్న నది యెప్పటి పాఠమో నిర్ణయించుట దుర్ఘటము. మలక్‌పేట కార్యాలయమువారి నకలుకు తేదీ యుండెను. తేదీ చూచినందుననే అది పనికిరాదని తెలిసినది.

గ్రామ కరణములు వ్రాసియుంచిన కవిలెల సంగతి మీ పెద్దల నోట వినియుందురు. ఊరి హద్దులు, చెఱువులు, మాన్యములు, ఏలినవారి వృత్తాంతములు వానిలో నుండెడివి. 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలైన కల్నల్ కాలిన్ మెకంజీ, కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగువారి సాయమున ఇట్టి కవిలెలనుండి కైఫీయతులు వ్రాయించి సేకరించెను. బొఱ్ఱయ్య 1803లోను, మెకంజీ 1821లోను గతించిరి. కాలక్రమమున ఆ కాగితములు శిథిలము లగుచుండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర వానిని మరల వ్రాయించెను. ఊరిలోని కవిలె నశించినను, దూరమున మద్రాసు చేరిన నకలు నిలిచిన గ్రామములు గలవు. నకలు వేఱొకచోట నుండవలెననుటకు ఇంతకు మించిన నిదర్శన మక్కఱలేదు.

బ్రౌను కడపలో చేయించిన పని మఱియు గణనీయము. పండితులకు జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు అనేక ప్రతులు తెప్పించి, వానిని ప్రక్కప్రక్కన నుంచి, ఎక్కడెక్కడ పాఠము భేదించుచున్నదో గుర్తింపజేసెను. ప్రతి తీయుట ఒక పని, ప్రతిని ప్రతితో సరిచూచుట వేఱొక పని. రెండవది లేనిదే మొదటిది సగము ఫలమునే యిచ్చును.

తాళ్ళపాక అన్నమాచార్యులవారి సంకీర్తనల కథ మఱొక పాఠము నేర్పును. ఆయన 1408లో పుట్టి 1503లో పరమపదించెను. ఆయన సంకీర్తనలు ముప్పదిరెండు వేలని ప్రతీతి. అందు సగము గూడ నేడు లభింపలేదు. వంశీయులు వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని యొక యరలో భద్రపఱచిరి. రాగి చెడలేదు. కాని ఆ రేకులు చదువువారు లేక శతాబ్దములు మూలపడియుండెను. ఇరువదవ శతాబ్దమున గాని అవి చక్కగా వెలుగులోనికి రాలేదు. కావున ప్రతి గట్టిదై యుండుట చాలదు, అప్పుడప్పుడు తెఱచి చదువుచుండవలెను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తెను. వేలకొలది జనులు మడిసిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబది మంది వఱకు ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. పిమ్మట 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను. వరద నాపుటకు చెఱువులు గట్టిరి. కాని వరద వచ్చినప్పుడు ఒకే యింటిలోని అసలును నకలును కలిసియే పోవునను నిజము చెఱువులవలన మాఱదు.

ఇక మన కాలమునకు వత్తము. మీరు పొలము కొన్నప్పుడు రిజిస్ట్రారు కార్యాలయమున గుమాస్తా మీ దస్తావేజును పెద్ద పుస్తకములోనికి చేతితో నెక్కించిన దినములు మీకు జ్ఞాపక ముండును. ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4వ తేదీన 'కార్డు' అను పథకముతో ఆ పని కంప్యూటరులోనికి వచ్చెను. 2011లో 'మీసేవ' వచ్చెను. కులపత్రము, ఆదాయపత్రము, పొలము లెక్క, అన్నియు క్రమముగ తీగల మీది కెక్కినవి. తీగలు కలియుచోట రౌటరు పెట్టె గలదు. నాడు కవిలె పోయిన ఊరి లెక్క పోయెడిది. నేడు ఆ పెట్టెలోని పంక్తులు పోయిన, లెక్క ఎక్కడనో భద్రముగ నున్నను, మన కిటికీ వఱకు రాదు.

ఆ పంక్తులకు నకలు మనుష్యుడే తీసెడివాడు. పెట్టె వెంట పెట్టెకు లోనికి పోయి, ఆజ్ఞ యిచ్చి, వచ్చిన వ్రాతను వేఱొక కంప్యూటరునకు పంపవలెను. 1981లో నిర్ణయింపబడిన టీఎఫ్‌టీపీ యను సులభపద్ధతి ఇందుకు మిక్కిలి వాడుకలోనికి వచ్చెను. పెట్టెలు నాలుగైన నెవరైన చేయుదురు. నలువదియైన నాడు, పనివాడు సెలవులో నున్ననాడు, పెండ్లిపిలుపు వచ్చిననాడు పని ఆగును. పద్నాలుగు నెలలు ఇట్లే గడచును. ఇందు ఒకరి సోమరితన మేమియు లేదు. జ్ఞాపకము మీద ఆధారపడిన పనికి అదియే గతి.

ఈ చిక్కు విప్పిన సాధనములు ఒక్కనాట పుట్టలేదు. మొదటిది క్రాన్ అనునది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో 1969లో మొదలైన యూనిక్సు అను వ్యవస్థయందు ఇది వెలసెను. 1979 నాటి యేడవ సంచికలో గలదు. 1987లో పాల్ విక్సీ వ్రాసిన క్రాన్ మిక్కిలి వ్యాప్తి జెందెను. ఏ పని యెప్పుడు చేయవలెనో ఒక పట్టికలో వ్రాసియుంచిన, యంత్రము నిమిషనిమిషమును ఆ పట్టిక చూచుకొని వేళకు పని చేయును. పట్టికలోని ప్రతి పంక్తికి మొదట కాలము దెలుపు అంగము లైదు: నిమిషము, గంట, తేదీ, నెల, వారము. శిష్యుడు కాగితముపై వ్రాసి చూపినప్పుడు నేను నవ్వి, "ఇదియు పంచాంగమే గదా!" అంటిని. మన తిథి వార నక్షత్ర యోగ కరణములలో వార మొక్కటే వారి యైదింటను గలదు. అయినను ముహూర్తము ముందే నిర్ణయించి కార్యమును దానికి గట్టుట మనకు తెలిసినదే. సున్న, రెండు, ఆపై మూడు నక్షత్రపు గుర్తులు పెట్టిన, ప్రతిదినము రాత్రి రెండు గంటల కని యర్థము. నక్షత్రపు గుర్తు ఏదైనను సరియే యని చెప్పును.

రెండవది డిఫ్ అను సాధనము. 1970ల తొలి భాగమున బెల్ ప్రయోగశాలలలోనే డగ్లస్ మాక్‌ఇల్‌రాయ్ దీనిని నిర్మించెను. రెండు వ్రాతలను పోల్చి భేదించిన పంక్తులను మాత్రము చూపును. బ్రౌను పండితులు మాసముల తరబడి చేసిన పాఠభేద పరిశీలన యిది. 1982 ప్రాంతమున వాల్టర్ టిషీ నిర్మించిన ఆర్‌సీఎస్ అను పద్ధతిలో, తాజా పాఠమును సంపూర్ణముగ నుంచి, పాతవానికి భేదములను మాత్రము దాచుదురు. మంచి పరిష్కర్త మూలమును పైన ముద్రించి, పాఠాంతరములను అడుగున నిచ్చునట్లున్నది.

మూడవది ఎక్స్‌పెక్టు. 1990లో డాన్ లైబ్స్ వెలువరించినది. పెట్టె ప్రశ్న యడుగును, మనుష్యుడు కూర్చుండి జవాబు చెప్పవలెను. ఎక్స్‌పెక్టు ఆ ప్రశ్న వచ్చువఱకు వేచియుండి, ముందుగ వ్రాసియిచ్చిన జవాబును తానే చెప్పును. ఈ సాధనములవంటివానిని కూర్చి 1990ల చివరి యేండ్లలో ర్యాన్సిడ్ అను పనిముట్టు వెలసెను. అది పెట్టెలన్నిటికిని పోయి, వ్రాతలు తెచ్చి, నిన్నటివానితో పోల్చి, భేదమున్న అధికారులకు జాబు పంపును. ఆంగ్లమున ఆ మాటకు ముక్కిపోయినదని యర్థము. పాతబడిన నకలు ముక్కిపోయిన బియ్యమువంటిదని హెచ్చరించుటకు ఆ పేరు తగియున్నదని నాకు తోచును. పిమ్మట ఆక్సిడైజ్డ్, నెట్‌మికో మొదలగునవి వచ్చినవి.

నా శిష్యుడు తన కార్యాలయమునకు వ్రాసికొన్న ఆజ్ఞల పాఠము, వారు స్క్రిప్టు అనునది, నలువది పంక్తులకు మించదు. పట్టికలోని ఇరువదిమూడు పెట్టెల పేర్లను అది యొకటొకటిగా చదువును. ఒక్కొక్కదానిలోనికి ఎస్‌ఎస్‌హెచ్ అను దారిని పోవును. 1995లో ఫిన్లండు దేశీయుడు తాతు యులోనెన్ కల్పించిన ఈ దారిలో పాస్‌వర్డు దారిదోపిడి కాదు; అంతకు ముందరి టెల్నెట్టు దారిలో అది బట్టబయలుగ పోయెడిది. లోనికి పోయి, పని జరుగుచున్నప్పటి పాఠమును చూపుమని యడుగును. వచ్చినదానిని పెట్టె పేరును తేదీయు జేర్చి దాచును. నిన్నటిదానితో పోల్చును. భేదము లేకున్న నూరకుండును. ఉన్న ఆ పంక్తులను శిష్యునికి జాబుగ పంపును. గడియారమువంటి, ఊరక మాఱుచుండు పంక్తులను పోలికలో విడిచిపెట్టును. లేకున్న ప్రతిరాత్రియు జాబు వచ్చి, చదువువాడు విసిగి, నిజమైన భేదము వచ్చినప్పుడు గూడ చదువక మానును.

ఇంత చేసినను మొదట ఒక పొరపాటు జరిగినది. శిష్యుడు తానే చెప్పుకొనెను గనుక చెప్పుచున్నాను. ఒకసారి పెట్టెల పాస్‌వర్డులు మార్చిరి. స్క్రిప్టునకు ఆ క్రొత్త పాస్‌వర్డు చెప్పుట మఱచిరి. అది యథాప్రకారము రాత్రి రెండు గంటలకు లేచి, లోనికి పోలేక, ఖాళీ ప్రతులను వ్రాసి తేదీలు వేసి దాచెను. పదునొకండు దినములు అట్లే నడచెను. పట్టికలో అన్నియు ఉన్నట్లే కనబడుచుండెను. నెలకొకమారు నకలును తీసికొని విడిగానున్న పాతపెట్టెలో నెక్కించి చూచుట వానికి నియమము. ఆనాడు పట్టుబడినది. అప్పటినుండి ప్రతి కడపట ముగింపుపంక్తి యున్నదో లేదో చూచి, లేకున్న పాతప్రతిని చెఱుపక, పని చెడినదని బిగ్గరగ జాబు పంపునట్లు దిద్దెను. నిద్రపోని వ్రాయసకాడు దొరకెను. కాని తాను వ్రాసినది ఖాళీ యాకని వాడంతట వాడెఱుగడు. ఎఱుగునట్లు మనము నేర్పవలెను.

ఇది మన పేటల సంగతియే కాదు. 2021 అక్టోబరు 4వ తేదీన ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలు లోకమంతట నిలిచిపోయినవి. మీ మనుమలు ఆనాడు ఫోను త్రిప్పి త్రిప్పి చూచియే యుందురు. మరమ్మతు వేళ ఇచ్చిన యొక ఆజ్ఞ వలన ఆ కంపెనీ ముఖ్యమార్గములు తెగినవని వారే ప్రకటించిరి. దానిని సరిచేయు సాధనములు గూడ ఆ మార్గముల మీదనే ఆధారపడి యుండుటచేత ఉద్యోగులు స్వయముగ యంత్రముల యొద్దకు పోవలసి వచ్చెను. తాళపుచెవి ఇంటిలోపల నుంచి తలుపు వేసికొన్నట్లయినది. కావుననే శిష్యుడు ప్రతులను వేఱొక భవనమున నుంచి, ఒకదానిని నెట్‌వర్కు అక్కఱలేకయే చేతికందునట్లు దాచుచున్నాడు. ఆ ప్రతులలో పాస్‌వర్డులు, లోపలి దారులు ఉండును గనుక వానికి తాళము వేయుటయు మఱువలేదు. దొంగచేతి కందిన నకలు అసలంత చేటు చేయును.

శ్రోతలారా, ఈ విషయము పట్టణములోని యంత్రజ్ఞులదని మీరు త్రోసిపుచ్చవలదు. మీ యూరి సహకార సంఘమునందును, పాఠశాలయందును, మీసేవ కేంద్రమునందును ఇట్టి పెట్టె యొకటి మూలను మినుకుమినుకుమనుచుండును. దానిలోని పంక్తులను మీరు చదువనక్కఱలేదు. కాని పెద్దలుగ మూడు ప్రశ్నలు అడుగుటకు మీకు హక్కు గలదు. దీని నకలు కడపట ఎప్పుడు తీసిరి? అది ఎక్కడ నున్నది? దానిని ఎక్కించి పని జరుగునో లేదో ఎప్పుడైన చూచిరా? ఈ మూడింటికిని తడబడక జవాబు చెప్పువాడు మీ యూరికి మంచి కరణము.

మా శిష్యుని కార్యాలయమున మొన్న వేసవి యురుములకు మఱొక రౌటరు కాలిపోయెను. క్రొత్తపెట్టె తెచ్చి, ఆ తెల్లవాఱుజాము రెండు గంటల ప్రతిని అందులో నెక్కించిరి. మధ్యాహ్న భోజనవేళకు కిటికీ తెఱచిరి. ఆనాడు వరుసలో నిలిచినవారిలో ఎవరికిని ఏమి తప్పినదో తెలియదు. నాకు మాత్రము ఆ నల్లగొండ వృద్ధుడు జ్ఞప్తికి వచ్చెను. ఆయన పనికి ఈ వ్రాయసకాడు కొన్ని యేండ్లు ఆలస్యముగ వచ్చినాడు. ఇక మీదట వచ్చువారికైన ఆలస్యము కాకుండుగాక. సెలవు.